ఇంజనుమార్పిడి మేస్త్రి

వలిసెపూల పొలములను, కాఫీ తోటలను, బొర్రా గుహలను చూచి మురియుటకై ఘాటీ రోడ్డెక్కి వచ్చు యాత్రికుల కంట సాధారణముగా పడనివాడును, గాలికొండ మలుపున కారు పొగగ్రక్కిన మరుక్షణముననే కులదేవతకన్న ముందు స్మరణకు వచ్చువాడును నగు మహనీయుడొకడు అరకు ప్రాంతమున ప్రతి సంతయూరి మొగదలను గలడు. వానికి తల్లిదండ్రులు పెట్టిన పేరేదో రేషను కార్డుకే తెలియవలెను. లోకమునకు వాడు మేస్త్రి. రేకుల కప్పు, దాని దూలమునుండి వ్రేలాడు చైనుబ్లాకు, చమురోడు గేరుబాక్సులు రెండు, వానిమీద కూర్చుండి టీ త్రాగుచు తమ బండి సంగతి విడిచి పరుల బండ్ల సంగతి చెప్పుకొను డ్రైవర్లు నలుగురు: ఇది వాని ఆస్థానము.

వాని సిద్ధాంతము ఏకవాక్యము. ఏ ఇంజనైనను ఏ బండికైనను ఎక్కును. ఎక్కనిచో లోపము ఇంజనుది కాదు, బండిది కాదు, మౌంటింగులది. మౌంటింగులన్నవో, గ్యాసుకట్టరుతో కోసి వెల్డింగుతో అతుకుటకే పుట్టినవి. ఈ ధైర్యము వానికి ఊరక వచ్చినది కాదు. అంబాసిడరులోని పెట్రోలు ఇంజను దించి మటడోరు డీజిలింజను ఎక్కించు విద్య దేశమంతట వర్ధిల్లిన కాలమున విశాఖపట్టణములో గురుశుశ్రూష చేసినవాడు. ప్యుజో డీజిలుతో పుట్టిన మహీంద్రా జీపులు, లోపలివారికన్న టాపుమీది వారినే ఎక్కువగా మోసికొని హుకుంపేట సంతకు పోవుచుండ, వాని ఆయుర్దాయము నిర్ణయించినవాడు. ఆ కాలపు డీజిలింజను కోరినదెల్ల కొంచెము నూనె, కొంచెము గాలి, పంపుమీది సోలెనాయిడుకు ఒక్క తీగ. తాళముచెవి పోయినచో ఆ తీగను బ్యాటరీకి తాకించి, బండిని సుంకరమెట్ట దిగువకు త్రోసిన చాలును. అటుపిమ్మట దానిని ఆపుటయే కష్టము. ఇట్టి యంత్రములతో జీవితమంతయు గడపినవానికి, యంత్రము తన్ను ఎదురుప్రశ్న వేయునని కలనైనను తోచునా?

వేసినది ఒక తెల్లని డిజైరు టాక్సీ. ఎఱ్ఱదీపము వెలిగినను పాట ఆపని డ్రైవరొకడు దానిని అనంతగిరి మీదుగా ఈడ్చి, హెడ్డు కాల్చి తెచ్చెను. మేస్త్రి వంగి చూచి, ముక్కుతో వాసన పట్టి, "బోరుకి పెడితే డబ్బులు దండగ బావూ, ఇంజనే మార్సేద్దుం" అని తీర్పు చెప్పెను. అందులోని 1248 సీసీ డీజిలింజను ఫియట్ వారి మల్టీజెట్ సంతతిది. అదే స్విఫ్టులోను, వేరొక పేరుతో టాటా ఇండికా విస్టాలోను గలదు. కావున వెదకుట కష్టము కాలేదు. వెనుకభాగము నుజ్జయిన ఒకానొక స్విఫ్టు ఇంజనును, దానితో వచ్చిన ఈసీఎమును, అనగా ఇంజనుకు ఆజ్ఞలిచ్చు అల్యూమినియపు డబ్బాను, విశాఖనుండి కొనితెచ్చి, "ఇంజనుతో వచ్చిందల్లా ఇంజనుదే" అను న్యాయము చొప్పున రెంటిని బిగించి, డిజైరు పాత ఈసీఎమును మూలకు విసరెను. శిష్యుడు దానిని టీ గ్లాసులు పెట్టుకొను పీటగా ఉద్ధరించెను.

సెల్ఫు కొట్టిరి. స్టార్టరు తిరిగినది, ఇంజను పలుకలేదు. మీటరుబోర్డులో తాళపు గుర్తుగల చిన్న దీపమొకటి మిణుకు మిణుకుమనుచుండెను గాని, దానివంక చూచు అలవాటు ఆ షెడ్డులో ఎవరికిని లేదు. మేస్త్రి డీజిలు ఫిల్టరు మార్చెను. పైపులలో గాలి తీసెను. బ్యాటరీ టెర్మినళ్లు గీకెను. తుదకు స్టార్టరును స్పానరుతో రెండుసార్లు తట్టెను, ఇది శాస్త్రమున లేకున్నను ఆచారమున గలదు. "పాడేరు మోదకొండమ్మకి కోడిని మొక్కేద్దుమా మేస్త్రీ?" అని డ్రైవరు భక్తితో నడిగెను. "అమ్మోరు డీజిలు పంపు సూడదురా" అని మేస్త్రి వానిని కసరెను.

మరునాడు కిరండూలు పాసింజరునుండి లాప్‌టాపు సంచితో ఒక స్కానరు కుఱ్ఱవాడు దిగెను. వాని చొక్కా తెల్లనిది. మేస్త్రికి అక్కడనే నమ్మకము సగము పోయినది. కుఱ్ఱవాడు బానెట్టైనను ఎత్తక, స్టీరింగు క్రింద ఒక ప్లగ్గు తగిలించి, తెర చూచి, "మేస్త్రిగారూ, మీ ఇంజను బంగారం. తాళమే ఒప్పుకోవట్లేదు" అనెను.

వాడు చెప్పిన దిది. తాళముచెవి తలలో బ్యాటరీ లేని చిప్పొకటి దాగియుండును. తాళము దూర్చు రంధ్రము చుట్టును ఒక తీగచుట్ట యుండును. తాళము త్రిప్పగానే ఆ చుట్ట, సాధారణముగా సెకనుకు 1,25,000 ఆవృత్తులు చేయు అయస్కాంత క్షేత్రమును పుట్టింప, చిప్పు అందుండియే శక్తి గైకొని తన గుర్తు చెప్పుకొనును. ఆ గుర్తు ఈసీఎము నేర్చినదానితో సరిపోలినగాని ఇంజెక్టర్లకు ఆజ్ఞ వెళ్లదు. దీని పేరు ఇమ్మొబిలైజరు. ఐరోపా సమాఖ్యవారు 1998 అక్టోబరునుండి కొత్త కార్లన్నింటికి దీనిని తప్పనిసరి చేసిరి. స్విఫ్టునుండి వచ్చిన ఈసీఎమో, ఇల్లు అమ్ముడుపోయినను పాత యజమాని చెప్పులచప్పుడుకే తలుపు తీయు కాపలావాని వలె, డిజైరు తాళమును ఎవరో యని త్రోసివేయుచున్నది.

మేస్త్రికి విషయము అర్థము కాలేదనుట అన్యాయము, అర్థమైనది, నచ్చలేదు. "అరకులో కారు దొంగతనమేటి బాబూ! ఎత్తుకుపోయినోడు ఎటెల్తాడు? ఇటెల్తే ఎస్.కోట, అటెల్తే పాడేరు. రెండుసోట్లా మా బావమరుదులే ఉన్నారు" అని వాదించెను. వాదము బలమైనదే గాని ఈసీఎము వినదు. నిజమునకు వాని బాధ దొంగలను గూర్చినది కాదు. అంతవరకు వానిచేతికి వచ్చిన యంత్రములెల్ల "నీ వేమి చేయగలవు?" అని మాత్రమే అడిగినవి, ఇది "నీ వెవడవు?" అని అడిగినది. ముప్పది మైళ్ల మేర తన పేరడిగినవాడే లేనివానికి ఈ ప్రశ్న ఎట్లు మింగుడుపడును?

"పాత ఈసీఎం ఏది మేస్త్రిగారూ?" అని కుఱ్ఱవాడడుగగా అందఱి చూపులును టీ గ్లాసులవైపు మరలెను. శిష్యుడు గ్లాసులు దించి, గుండ్రని మరకలను లుంగీ కొంగుతో తుడిచి, మారుమాటాడక అందించెను. దానిని బిగించినంతనే పని ముగియలేదు. కొత్త ఇంజెక్టర్ల తలలపై చెక్కియున్న సంకేతాక్షరములను దానికి నేర్పవలెనట. తెల్లచొక్కా చమురులోనికి వంగదు గనుక, మేస్త్రియే టార్చిలైటు పట్టి, కండ్లద్దములు సవరించుకొని, ఒక్కొక్క అక్షరమును బడిపిల్లవాని గొంతుతో చదివెను, కుఱ్ఱవాడు కొట్టుకొనెను. తాళము త్రిప్పగా ఇంజను అంటుకొన్నది. మేస్త్రి చెవి రిక్కించి, "మూడోది కుంటుతోంది" అనెను. కుఱ్ఱవాడు తెర చూచి, కొంత సేపటికి, "అవునండీ" అనెను. ఆ "అండీ" కోసమే మేస్త్రి అంతవరకు కాచుకొనియుండెనని నా అనుమానము.

పోవుచు కుఱ్ఱవాడు, ఆర్‌సీ పుస్తకములో ఇంజను నంబరు మార్పించితిరా, 1988 నాటి మోటారు వాహనముల చట్టములో 52వ సెక్షను గలదు సుమా అని గుర్తుచేసెను. ఆ ప్రస్తావన వచ్చినపుడు మేస్త్రికి ఎక్కడనో ఒక బోల్టు అత్యవసరముగా బిగింపవలసి వచ్చును, అప్పుడును వచ్చినది. ఇంజను దించి ఎక్కించినందుకు తనకు ముట్టిన కూలి ఎంతయో, గంటసేపు మీటలు నొక్కిన కుఱ్ఱవానికి ముట్టిన కూలియు దాదాపు అంతయే యని తెలిసిన పిమ్మట మాత్రము వాడు బోల్టు విడిచి చాలసేపు కూర్చుండెను.

ఇప్పుడు ఎవడైనను జీపులో పాత ఇంజను వేసికొని వచ్చినచో, మేస్త్రి దాని బోరు చూడడు, నూనె చూడడు, చేయి చాచి "తాళం?" అనును.

"ఇంజనుకి తాళమేటి మేస్త్రీ! కారే నుజ్జయిపోనాది."

"ఈసీఎమ్మూ, దాని జత తాళమూ, రెండూ తే. లేదంటే నీ బండిలోదే భద్రంగా అట్టేపెట్టు" అని చెప్పి, శిష్యునివైపు తిరిగి, "ఒరే, దానిమీద గ్లాసులెట్టకు" అనును.