నవ్వు అమ్మాయిది, కుర్చీ అయ్యగారిది

పీఆర్ (ప్రజా సంబంధాల) ఉద్యోగం చేయాలనుకునే నెల్లిమర్ల ఆడపిల్లలు మాస్ కమ్యూనికేషన్ పుస్తకాలు కొనక్కర్లేదు. మన సినిమాలూ సీరియళ్లూ చూస్తే చాలు. ఎత్తు మడమల చెప్పులు, చేతిలో ఫైలు, పెదాల మీద చెరగని నవ్వు. ఆ ఫైల్లో ఏముందో కథ రాసినవాడికీ తెలీదు. ఆమె చేసే పనేమిటో చివరిదాకా చెప్పరు. బాస్‌కి ‘గుడ్ మార్నింగ్ సార్’ చెబుతుంది, హీరోని ప్రేమిస్తుంది. సిలబస్ పూర్తి.

ఉద్యోగ ప్రకటనలదీ అదే పాఠం: ‘ఆడవారు మాత్రమే, చూడచక్కగా ఉండాలి.’ ఆడపిల్లకి మాటనేర్పు పుట్టుకతోనే వస్తుందట. అదే పిల్ల ఇంట్లో రెండు మాటలు ఎక్కువ మాట్లాడితే, “ఓలమ్మో, గుంటకి అంత నోరేటి?” అంటారు. నోటిని నెలజీతానికి అమ్మితే ప్రతిభ, సొంతానికి వాడితే పొగరు.

తీరా పరపతి ఉన్న చోటికి వచ్చేసరికి పీఆర్వో మగాడైపోతాడు. బైకు మీద ఊరూరా తిరిగి, ఆర్‌ఎంపీలను మంచి చేసుకుని, రోగుల్ని పట్నం ఆసుపత్రికి రప్పించే పీఆర్వో ఆయనే. నాయకుడి వెనక రెండు ఫోన్లతో నిలబడేదీ ఆయనే. సినిమా పీఆర్వో అనగానే గుర్తొచ్చే పేరు బి.ఎ. రాజు. మరి ఆ సహజ మాటనేర్పు ఎటు పోయిందో? తిరుగుడు పని ఆడవాళ్లకి కష్టమట. ఆ సంగతి నెల్లిమర్ల ఓటర్లకి ఎవరూ చెప్పినట్టు లేదు. 2024లో ఊరూరా తిరిగి ఓట్లడిగిన లోకం నాగమాధవిని వాళ్లు శాసనసభకు పంపారు.

ఈ పంపకం మనం కనిపెట్టింది కాదు. పీఆర్ పితామహుడని పుస్తకాలు మోసే ఎడ్వర్డ్ బెర్నేస్, 1929లో న్యూయార్క్ ఈస్టర్ ఊరేగింపులో ఆడవాళ్లచేత సిగరెట్లు కాల్పించి, దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టాడు. ఆయన భార్య డోరిస్ ఫ్లైష్‌మన్ ఆయన పీఆర్ సంస్థలో భాగస్వామి, రాతలో దిట్ట. అయినా క్లయింట్ల సమావేశాలకు దూరంగా ఉండేది. ఆలోచన ఆడమనిషిదని తెలిస్తే, దాని మంచిచెడ్డలు చూడకుండానే తోసేస్తారని ఆమెకు తెలుసు. పితామహుడికి పాఠం దక్కింది, పితామహి ఫుట్‌నోట్‌లో కూర్చుంది.

ఈ ఉద్యోగం నవ్వుతోనే నడిచేదైతే, మన నెల్లిమర్ల జూట్ మిల్లు గేటుకి లాకౌట్ నోటీసు పడ్డ రోజున ఓ చక్కని అమ్మాయిని అక్కడ నిలబెడితే సరిపోయేది. కార్మికుడు అడిగేవి రెండే: మిల్లు ఎప్పుడు తెరుస్తారు, బకాయిలు ఎప్పుడిస్తారు? ఆ జవాబు యాజమాన్యంచేత చెప్పించడం, అబద్ధమైతే పత్రికలకు పంపనని ఎదురు నిలవడం పీఆర్. దానికి చదువు కావాలి, రాత కావాలి, కార్మిక చట్టం తెలియాలి, అన్నిటికీ మించి వెన్నెముక ఉండాలి. అది ఆడా మగా ఇద్దరికీ ఉంటుందని నెల్లిమర్ల మిమ్స్ వైద్య కళాశాలలో మొదటి ఏడాది అనాటమీ క్లాసులోనే చెబుతారు.

కాబట్టి ప్రకటనలు రాసే అయ్యలారా! ‘ఆడవారు మాత్రమే’ కొట్టేయండి. ఫొటో బదులు, సొంతంగా రాసిన పత్రికా ప్రకటన ఒకటి పంపమనండి. బాగా రాసినవాళ్లకి ఉద్యోగమూ ఇవ్వండి, మైకూ ఇవ్వండి.