గుడార సన్న్యాసము

లదాఖ్‌లోని చాంగ్‌థాంగ్ పీఠభూమిపై, రుమ్‌త్సె గ్రామము మొదలుకొని త్సో మొరీరి సరస్తీరమందలి కోర్జోక్ వఱకు, 5,000 మీటర్లకు మించిన కనుమల నొకదానివెంట నొకటిగా దాటించుచు మార్గదర్శకులు నడిపించు వారము దినముల పాదయాత్రకు నగరవాసులు తండోపతండములుగా బయలుదేఱుచున్నారు. వారి యభీష్టమెల్ల, స్థిరనివాసము లేక మేకలమందల వెంట దిరుగు చాంగ్‌పాల నిరాడంబర జీవనమును కన్నులార గాంచవలెననియే. ఆ నిరాడంబరతా దర్శనార్థము భోజనమునకొక గుడారమును, శౌచమునకు వేఱొక గుడారమును, మడతకుర్చీలును, వంటవాడును, గుఱ్ఱముల వీపున కోడిగ్రుడ్ల పెట్టెలును ముందుగా పయనించును. (పగులకుండ కనుమలు దాటిన గ్రుడ్లకే గదా సాహసయాత్రికులను బిరుదు చెల్లవలయును!)

జడలబఱ్ఱె వెంట్రుకలతో నేసిన రెబో గుడారమున గూర్చుండి, ఉప్పును వెన్నయు గలిపిన తేనీటి నొక గ్రుక్క మ్రింగి, ముఖము చిట్లించి, “ఆహా, యెంత స్వచ్ఛమైన బ్రతుకు!” అని పరవశించు నీ మహనీయులకు, ఆ గృహస్థుడు తన పిల్లలు లేహ్‌లో చదువుకొనుచున్నారనియు, ఖర్నాక్ ప్రాంతపు సంచారులలో ననేకులు మందలను విడిచి యా పట్టణపు శివారున ఖర్నాక్‌లింగ్ అను పేట నిర్మించుకొని స్థిరపడిరనియు జెప్పినంతనే, సంప్రదాయము నశించుచున్నదని దుర్భరమైన ఖేదము గలుగును. తిరుగుప్రయాణమున లేహ్ బజారులో పష్మీనా శాలువను బేరమాడుచు, ఆ యున్ని నిచ్చు మేకను తాము స్వయముగా ఫొటో తీసితిమి గావున ధర సగము తగ్గింపుమని యంగడివానితో వాదించుటయు గలదు.