కీకో కలహ ప్రబంధం

విఘ్నేశ్వరుడికి తొలి మొక్కు. రిమోట్‌లో పాజ్ బొత్తాన్ని చీకట్లో కూడా బొటనవేలికి తగిలేలా అమర్చిన అజ్ఞాత శిల్పికి మలి మొక్కు. ఇక పూర్వకవుల మర్యాద ప్రకారం కుకవినింద జరగాలి కనుక, ఎపిసోడ్ సగం చూసి తీర్పు చెప్పేవాళ్ళను, సీజన్ నంబరు అడిగితే నీళ్ళు నమిలేవాళ్ళను, వాదన రసపట్టులో ఉండగా "ఇదంతా కథే కదండీ" అనేసి ఆవలించేవాళ్ళను ముమ్మారు నిందించి కథలోకి దిగుతున్నాను.

వేళ అర్ధరాత్రి. స్థలం సోఫా. నైమిశారణ్యంలో శౌనకాది మునులు దర్భాసనాల మీద కూర్చున్నట్టు అభిమాన మునులు దిళ్ళ మీద కూర్చున్నారు. హోమధూమం లేని లోటును పాప్‌కార్న్ ఆవిరి తీరుస్తోంది. వారిలో జ్యేష్ఠుడు, అన్ని సీజన్లనూ సాంగోపాంగంగా పారాయణ చేసినవాడు, గొంతు సవరించుకున్నాడు. "స్వామీ! ఇన్ని గ్రహాలుండగా, ఇన్ని జాతులుండగా, అంతరిక్షంలో అందరికన్నా ఎక్కువ తిట్లు తిన్న ఇల్లాలెవరు?" అని ఒకడు అడిగీ అడగకముందే మిగతా నలుగురూ "కీకో!" అన్నారు. ఇద్దరి గొంతులో కసి, ఇద్దరి గొంతులో జాలి. సమరశంఖం అదే.

అక్కథాక్రమం ఎట్టిదనిన, 'స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్' 1993 జనవరిలో మొదలై 1999 జూన్ దాకా ఏడు సీజన్లు సాగిన అమెరికన్ టెలివిజన్ ధారావాహిక. అందులో కాలానికి అతీతులైన దేవతలున్నారు, ద్రవంలా కరిగి ఏ రూపమైనా ఎత్తగల శత్రువులున్నారు, గ్రహాలకు గ్రహాలే మట్టిగొట్టుకుపోయే మహాయుద్ధం ఉంది. ఈ యుద్ధం గురించి కూడా అభిమానులు మాట్లాడుకుంటారు, మర్యాదగా, కూర్చున్నచోటనే. మోకాళ్ళ మీదికి లేచి, చెయ్యి ఊపి, పక్కవాడి చేతిలోని చిప్స్ పొట్లాన్ని కూల్చి మరీ వాదించుకునే సంగతి వేరే ఉంది. చీఫ్ ఓబ్రయన్ భార్య గయ్యాళా, కాదా?

నాయకుడు మైల్స్ ఓబ్రయన్. ఐర్లండ్ దేశస్థుడు, ఉంగరాల జుట్టువాడు, చొక్కా చేతులు మడిచి గొట్టాల్లో దూరి ఏదో ఒకటి బాగు చేస్తూ ఉండేవాడు. కోల్మ్ మీనీ ఆ పాత్ర వేశాడు. నాయిక కీకో ఇషికావా, వృక్షశాస్త్రవేత్త. రోజలిండ్ చావ్ వేసింది. అతని పేరు ప్రతి వారం మొదటి టైటిళ్ళలో పడేది. ఆమె పేరు అతిథుల జాబితాలో, అదీ వచ్చిన వారాల్లోనే. ఈ ముక్క గుర్తుంచుకోండి, ఆయుధాలు దూసేటప్పుడు పనికొస్తుంది.

ప్రబంధమన్నాక పద్దెనిమిది వర్ణనలుండాలని పెద్దలు శాసించారు. ఈ దాంపత్యంలో అవి దాదాపు అన్నీ ఉన్నాయంటే హాలీవుడ్ రచయితలు మన లక్షణ గ్రంథాలు చదివారా అని అనుమానం వస్తుంది.

వివాహ వర్ణన. ఇది అంతకుముందరి స్టార్ ట్రెక్ ధారావాహిక 'నెక్స్ట్ జనరేషన్'లో, 1991 జనవరిలో జరిగింది. ముహూర్తం నాడే పెళ్ళికూతురు పెళ్ళి వద్దంది. ఆ కబురు మోయడానికి దొరికినవాడు డేటా, భావాలు లేని యంత్రపురుషుడు. "కీకో సంతోషమే నీకు కావాలి, పెళ్ళి రద్దయితే ఆమె సంతోషిస్తుంది, కాబట్టి ఇది నీకు శుభవార్త" అన్న తర్కంతో వెళ్ళి పెళ్ళికొడుకుకి ఆ మాట చల్లగా చెప్పాడు. హంస రాయబారం నడిపిన జాతికి ఈ రాయబారం చూస్తే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. చివరికి కెప్టెన్ పికార్డ్ పౌరోహిత్యంలో పెళ్ళి జరిగింది. "ఆ రోజే పారిపోవాల్సింది మైల్స్!" అని సోఫాకి ఎడమ పక్క నుంచి ఒక నిట్టూర్పు. కుడి పక్క నుంచి దిండు ఎగిరింది.

పెద్దలు చెప్పని పంతొమ్మిదో వర్ణన ఒకటుంది, టిఫిన్ వర్ణన. పెళ్ళి ఎపిసోడ్ వచ్చిన మూడు వారాలకే 'ద వూండెడ్'లో కొత్త పెళ్ళికూతురు మొగుడికి ఉదయాన్నే వడ్డించిన పళ్ళెం చూడండి. సముద్రపు నాచు మొగ్గలు! ప్లాంక్టన్ రొట్టె! కడలి గర్భాన పండిన బెర్రీలు! ఆ పళ్ళేన్ని చూసిన మైల్స్ ముఖంలో తొమ్మిది రసాలూ ఒక్కసారి మెరిసి, ఆఖరికి కరుణ మిగిలింది. తన తల్లి యంత్రంలో పుట్టే తిండిని నమ్మేది కాదనీ, నిజం మాంసాన్నే వండేదనీ అతను చెబితే, ఈసారి బెదిరిపోవడం కీకో వంతు. నిజం మాంసాన్ని చేత్తో ముట్టుకుని కోసిందా మా అత్తగారు అని! సోఫాకి ఎడమ పక్కనున్న ద్వేషిసేన ఈ టిఫిన్‌నే అస్త్రంగా ప్రయోగిస్తుంది. నాకైతే, మొత్తం స్టార్ ట్రెక్‌లో ఇద్దరు మనుషులు ఒకే ఇంట్లో ఉంటున్నారని నమ్మించిన మొదటి దృశ్యం అదే. మిగతావాళ్ళంతా అంతరిక్ష ఓడలో ఉంటారు. వీళ్ళిద్దరూ కాపురం చేస్తున్నారు.

కుమారోదయం. 1991 అక్టోబరులో ఓడకు ప్రమాదం జరిగి, లిఫ్టులు ఆగి, వైద్యురాలు మరెక్కడో చిక్కుకుపోయిన ఘడియలో, భోజనశాల నేల మీద కీకో ప్రసవించింది. మంత్రసాని ఎవరు? క్లింగాన్ వీరుడు వార్ఫ్! శిక్షణలో కంప్యూటరు చూపిన నమూనా ప్రసవం తప్ప వేరే అనుభవం లేనివాడు. రణరంగంలో ఆజ్ఞ ఇచ్చే కంఠంతోనే ఆమెకు ఇక కనవచ్చునని అనుమతి ఇచ్చాడు. పుట్టిన పిల్ల మోలీ. ఇక్కడ మాత్రం రెండు సేనలూ దిళ్ళు దించి కలిసి నవ్వుతాయి. సంధి అరనిమిషం.

ఆ తరువాత పురవర్ణన, కష్టాలన్నిటికీ మూలం. మైల్స్‌కి పై ఉద్యోగం వచ్చింది. కొత్త ఊరు ఒక అంతరిక్ష కేంద్రం. కార్డేసియన్లనే పరాయి జాతివాళ్ళు కట్టి, వాడి, వెళ్తూ వెళ్తూ చేతికందినవన్నీ ఊడబెరికి వెళ్ళిన కొంప. తలుపు తెరిస్తే మూసుకోదు, మూస్తే తెరుచుకోదు. ఇంజనీరుకు అది స్వర్గం. వృక్షశాస్త్రవేత్తకు? మట్టి లేదు, ఎండ లేదు, పరిశోధించడానికి ఒక్క మొక్క లేదు. ఈ ఘట్టం దగ్గర తెలుగు ప్రేక్షకులు కొందరు హఠాత్తుగా మౌనం వహిస్తారు. చదువంతా మూటగట్టుకుని మొగుడి ఉద్యోగం వెంట అమెరికా వెళ్ళి, హెచ్-4 వీసా మీద ఇంట్లో కూర్చున్న వదినలూ అక్కలూ ప్రతి ఇంటా ఉన్నారు మరి. వాళ్ళలో కొందరికైనా పనిచేసుకునే అనుమతి దొరకడానికి 2015 రావాల్సి వచ్చింది. కీకో మీద తీర్పు చెప్పేముందు ఒకసారి వాళ్ళలో ఎవరికైనా ఫోన్ చేస్తే బాగుంటుంది.

మొక్కలు లేకపోతే పిల్లలున్నారు కదా అని ఆమె బడి పెట్టింది. అదిగో, కీకో పక్షం అంబులపొదిలో బ్రహ్మాస్త్రం ఉన్నది అక్కడే. మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్, 1993 జూన్. కేంద్రం దగ్గరున్న వార్మ్‌హోల్ అనే అంతరిక్ష సొరంగంలో ఉండేవాళ్ళు దేవతలని బజోర్ గ్రహవాసులైన బజోరన్ల విశ్వాసం, వేరే లోకపు జీవులని కీకో పాఠం. తేనె పూసిన కత్తి లాంటి మతపెద్ద వెడెక్ విన్ వచ్చి, నవ్వుతూనే, ఆ పాఠం ఆపమంది. ఆస్కార్ గెలిచిన లూయీస్ ఫ్లెచర్ ఆ నవ్వు నవ్వింది, తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. పిల్లలు బడి మానేశారు. బజారులో పుల్ల మిఠాయి అమ్మేవాడు సైతం మైల్స్‌కి అమ్మనన్నాడు. చివరికి బడి పేలిపోయింది. కీకో మాత్రం వెనక్కి తగ్గలేదు. ఈ అస్త్రం పడ్డప్పుడు ద్వేషిసేన ఒక్క క్షణం తడబడి, "సరే, ఆ ఒక్కటీ బాగుంది" అని డాలు అడ్డం పెడుతుంది.

ఉద్యాన వర్ణన, 1994 అక్టోబరు. పిల్లలు లేక బడి మూతపడింది. దిగులుపడ్డ భార్య కోసం మైల్స్ ఒక సరుకుల గదిని ఖాళీ చేయించి అందులో తోట వేసుకోమనే ఆలోచన చేశాడు. ఎంత ప్రేమ! అప్పుడు డాక్టర్ బషీర్, పెళ్ళికాని కుర్రాడు, ఆడవాళ్ళ విషయంలో ఎపిసోడుకోసారి బోర్లాపడేవాడు, చటుక్కున నిజం చెప్పాడు. ఆమెకు మొక్కలు కాలక్షేపం కాదు, వృత్తి. గదిలో నాలుగు కుండీలు దానికి సమాధానం కాదు. మైల్స్‌కి వెలిగింది. ఆర్నెల్ల వ్యవసాయ పరిశోధన యాత్రకు ఆమెను బజోర్ గ్రహానికి తనే సాగనంపాడు.

విప్రలంభం. ఆర్నెల్లకు మరో ఏడు నెలలు చేరాయి. నడుమ పండగకని వచ్చిన కీకో విసుక్కుందని ఒక గొడవ. "వచ్చీ రాగానే ఆ మొహమేంటి?" అని ఎడమ పక్షం. "చంటిపిల్లతో అంతదూరం ప్రయాణం చేసి, దిగుతూనే వసంతరాగం పాడాలా?" అని కుడి పక్షం. ఎర్ర గౌను వేసుకుని ఆమె తిరిగొచ్చిన ఆఖరి దృశ్యం దగ్గర ఇరుపక్షాలూ రిమోట్ కోసం పెనుగులాడతాయి, వీళ్ళు ఆపడానికి, వాళ్ళు ముందుకు తొయ్యడానికి. ఆ పెనుగులాటలో ఎగిరి నేలకూలిన పాప్‌కార్న్ గింజల్ని లెక్కించడం ఆదిశేషుడికైనా తరమా!

ఇక అసలు లెక్కకు వస్తాను. మధుపానం, ద్యూతం, సలిలక్రీడ. ప్రబంధంలో నాయికానాయకులు కలిసి ఆడిపాడవలసిన ఘట్టాలివి. ఈ కావ్యంలో మధుపానం క్వార్క్ బారులో, బషీర్‌తో. ద్యూతం స్థానంలో డార్ట్స్, బషీర్‌తో. సలిలక్రీడ మైల్స్ ఒంటరిగా కానిస్తాడు, కోరిన లోకాన్ని కళ్ళముందు నిలిపే మాయాగదిలో కయాక్ పడవ వేసుకుని, ఎక్కినప్పుడల్లా భుజం కీలు జారగొట్టుకుని. ఆ భుజం సరిచేసేది మళ్ళీ బషీరే. యుద్ధ వర్ణన కావాలంటే బ్రిటిష్ పైలట్ల టోపీలు, అలమో కోట, అంతా బషీర్‌తోనే. ఉల్లాసమంతా స్నేహితుడి ఖాతాలో జమ చేసి, విరహం, పురిటినొప్పులు, ఇంటి దిగులు, భార్య ఖాతాలో రాసిన కవిని ఏమనాలి? ఏ వారమైనా కీకో తెరమీదికి వచ్చిందంటే ఇంట్లో ఏదో చిక్కు ఉన్నట్టే, చిక్కు లేని వారాల్లో ఆమెను పిలవలేదు మరి. సంతోషంగా ఉన్న కీకో కాపురమంతా రచయితల సెలవురోజుల్లో గడిచిపోయింది.

పైగా మైల్స్‌ని ఏడాదికోసారైనా చిత్రహింస పెట్టాలని రచయితలు ముచ్చటపడేవారు. 1996లో అతని మెదడులో ఇరవయ్యేళ్ళ జైలు శిక్ష జ్ఞాపకాల్ని కొన్ని గంటల్లో నింపారు. అదే ఏడాది కీకో ఒంట్లో దుష్టశక్తిని ప్రవేశపెట్టి, ఆమె చేతే మొగుణ్ణి బెదిరించారు. "దయ్యం పట్టినా పెద్ద తేడా తెలియలేదు" అనే హాస్యం ద్వేషిసేనలో ఇప్పటికీ ఎవడో ఒకడు వేస్తాడు, దానికి రావలసిన దిండు దానికి వస్తుంది.

రెండో గర్భం సంగతి వింటే పురాణాలు కూడా ముక్కున వేలేసుకుంటాయి. ప్రమాదంలో గాయపడ్డ కీకో కడుపులోంచి బిడ్డను తీసి కేంద్రంలోని బజోరన్ అధికారిణి మేజర్ కీరా గర్భంలో పెట్టాడు బషీర్. దేవకి గర్భం రోహిణికి చేరిన కథ మనకు తెలిసిందే. ఇక్కడ యోగమాయ పాత్ర నిర్మాణ అవసరానిది. కీరా పాత్రధారిణి నానా విజిటర్ నిజంగానే గర్భవతి, ఆ బిడ్డకు తండ్రి బషీర్ పాత్రధారి అలెగ్జాండర్ సిద్దిగ్! అందుకే తెరమీద కీరా డాక్టరుతో "ఇదంతా నీ నిర్వాకమే" అన్న ధోరణిలో మాట్లాడితే తెలిసినవాళ్ళు పొట్ట పట్టుకుంటారు. ఆపైన కీరా వాళ్ళింట్లోనే ఉంటుండగా మైల్స్‌కీ ఆమెకీ నడుమ చూపులు తడబడ్డ ఘట్టం వస్తే, తప్పెవరిదని సోఫా సభ తీర్మానించింది? కీకోదే. ఊరికే ఉన్నందుకు.

ఇందులో న్యాయం ఎంతో తూచడానికి ఒక్క కొలబద్ద చాలు. 'బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా' అనే మరో అంతరిక్ష ధారావాహికలో కర్నల్ టై, ఎలెన్ దంపతులున్నారు. తాగుడు, మోసం, కుట్ర, చివరికి 2006లో శత్రువుకు రహస్యాలు అందించిందని ఆమెకు అతనే విషం కలిపి ఇచ్చాడు. ఆ జంటను తలచుకుని కళ్ళొత్తుకునే వీరాభిమానులు నాకు తెలుసు. పెళ్ళాన్ని చంపినవాడి ప్రేమ అజరామరమట, ఉద్యోగం కావాలన్న పెళ్ళాం గయ్యాళి అట!

1999 మేలో కీకో పక్షం మీద పిడుగు పడింది. మృత్యుముఖంలో బషీర్ మైల్స్‌ని నిలదీశాడు, భార్య మీద నీకున్నది ప్రేమే, కానీ నీకు నచ్చేది నా తోడే కదా అని. మైల్స్ నసిగాడు. ఆ నసుగుడుకు ఎడమ పక్షం చేసిన జయజయధ్వానానికి పక్కింటివాళ్ళు గోడ తట్టారు.

మిగిలింది నాయకాభ్యుదయం. యుద్ధం ముగిసింది, మైల్స్‌కి స్టార్‌ఫ్లీట్ అకాడమీలో పంతులుద్యోగం వచ్చింది, కుటుంబం భూమికి బయల్దేరింది. తెర మీద పేర్లు పడుతున్నాయి. "హమ్మయ్య, అక్కడ మట్టి ఉంటుంది, మొక్కలుంటాయి" అంది కుడి పక్షం. "అదంతా సరే, అక్కడ డార్ట్స్ ఎవరితో ఆడతాడు పాపం?" అంది ఎడమ పక్షం, దిండు అందుకుంటూ.