పదిమంది అమెరికన్లకు కొలువులిచ్చిన పేట ఆసామి

చిలకలూరిపేట చుట్టుపక్కల ఈ మధ్య ఓ కొత్త రకం దాత బయలుదేరాడు. ఈయన గుడికి గాలిగోపురం కట్టించడు, బడికి రేకుల షెడ్డు వేయించడు. తాతల నాటి నల్లరేగడి అమ్మి, ఆ డబ్బు పట్టుకెళ్లి అమెరికాలో ముక్కూ మొహం తెలియని పదిమందికి ఉద్యోగాలు వేయిస్తాడు. బదులుగా తన కొడుకు అక్కడ ఒక్క ఉద్యోగం చేసుకోవడానికి అనుమతి అడుగుతాడు. ఆ ఉద్యోగం కూడా ఇంకెవరి కంపెనీలోనో. కర్ణుడంతటివాడు కవచకుండలాలు కోసిచ్చి ఇంద్రుడి దగ్గర శక్తి పుచ్చుకున్నాడు. మన పేట ఆసామికి దక్కేది రెండేళ్ల షరతుతో ఒక గ్రీన్‌కార్డు, అదీ ఆయన పేరు మీద కాదు.

ఈ ధర్మకార్యం పేరు ఈబీ-5. 1990లో అమెరికా కాంగ్రెస్ పెట్టిన పథకం. డబ్బు పెట్టు, పది ఫుల్‌టైం ఉద్యోగాలు చూపించు, కుటుంబంతో సహా ఉండిపో. మొదట్లో రేటు 10 లక్షల డాలర్లు, పల్లెల్లోనో నిరుద్యోగం ఎక్కువున్న చోటో అయితే 5 లక్షలు. దాదాపు 30 ఏళ్లు ఆ రేటు కదల్లేదు. 2019 నవంబరులో ఆ 5 లక్షలను 9 లక్షలు చేశారు, 2021 జూన్‌లో కోర్టు కొట్టేస్తే మళ్లీ 5 లక్షలకు దిగింది, 2022 మార్చిలో కొత్త చట్టం వచ్చి 8 లక్షల దగ్గర పాతింది. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీల పక్కన కూర్చుని ముసలివాళ్లయిన జనానికి ఈ ఎగుడుదిగుళ్లు కొత్త కాదు గాబట్టి ఎవరూ కంగారుపడలేదు. మన లెక్కలో 7 కోట్లు దాటుతుంది. వకీలు ఫీజు, మధ్యవర్తి కమీషను పైన.

హైవే పక్కన ఏసీ హాల్లో సదస్సులు పెడుతున్నారు. వేదిక వెనక ఫ్లెక్సీలో దొరలాంటి తండ్రి, దొరసానిలాంటి తల్లి, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క. హైదరాబాద్ నుంచి వచ్చిన సూటు కుర్రాడు స్లైడ్లు తిప్పుతుంటే ముందు వరసలో జిన్నింగు మిల్లు వాళ్లూ కోల్డ్ స్టోరేజీ వాళ్లూ పకోడీ తింటూ వింటుంటారు.

‘రూరల్ కేటగిరీ తీసుకోండి అంకుల్. అమెరికా పల్లెటూళ్లో పెడితే 20 శాతం వీసాలు విడిగా ఉంటాయి. ఫైలు కూడా ముందు చూస్తారు.’

‘పల్లెటూరంటే ఎట్టాంటిది బాబూ?’

‘మెట్రోకి బయట, 20 వేల లోపు జనాభా ఉండాలి.’

‘అట్టయితే మా ఎడ్లపాడు పనికిరాదా?’

హాలంతా నవ్వింది. కుర్రాడు నవ్వకుండా స్లైడు మార్చాడు.

నవ్వినవాళ్లకు తెలియనిదేమంటే, ప్రశ్న సరైనదే. 2011 లెక్కలకే లక్ష దాటిన పేట అమెరికా కొలతలో పల్లె కాదు గానీ, ఎడ్లపాడు నిక్షేపంగా పల్లే. అదే 7 కోట్లు గణపవరంలో నూలు మిల్లుకో, వంకాయలపాడు స్పైసెస్ పార్కులో కారం యూనిట్‌కో పెడితే పదిమందికేం ఖర్మ, అంతకు మించే పని దొరుకుతుంది. కానీ పెట్టినవాడికి ఏమొస్తుంది? కరెంటు బిల్లొస్తుంది. కాలుష్య మండలి నోటీసొస్తుంది. వినాయక చవితి చందా కుర్రాళ్లొస్తారు. కొడుక్కి పిల్లనిచ్చేవాడు మాత్రం రాడు. ఇక్కడి పల్లెలో పొలం అమ్మి అక్కడి పల్లెలో పెడితే పెళ్లిళ్ల బ్రోకర్లు అర్ధరాత్రి కూడా ఫోను చేస్తారు. డబ్బు ఆ పల్లెలోనే ఉంటుంది గానీ, కొడుకు అటువైపు తొంగి కూడా చూడడు. డాలస్‌లో తెలుగు సినిమా మొదటిరోజు బెనిఫిట్ షో పడే చోటు చూసుకుని దిగుతాడు.

చట్టంలో ఇంకో మెలిక ఉంది. పెట్టిన డబ్బు రిస్కులో ఉండాలి. అసలు తిరిగిస్తామని ఎవరైనా హామీ రాసిచ్చారో, దరఖాస్తే చెల్లదు. ఈ సంగతి చెప్పేటప్పుడు సూటు కుర్రాడు గొంతు తగ్గిస్తాడు, జనం బెదురుతారేమోనని. రిస్కంటే బెదరడానికి ఇదేమన్నా బంజారాహిల్సా? 1980ల్లో తెల్లదోమ పత్తిని పీల్చేస్తే, ఇదే గుంటూరు, ప్రకాశం మెట్టల్లో చేలకు కొట్టాల్సిన మందు మనుషులు తాగారు. 2021-22లో తామర పురుగు మిరపతోటల్ని పూత మీదే ఊడ్చేసింది. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర కూలిపోతే కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలని ఒక అంకె ప్రకటించి ఊరుకోబెట్టింది. ఇన్ని తరాలుగా రిస్కు చేసిన కుటుంబాలకు ఏ దేశమూ ఏ కార్డూ ఇవ్వలేదు. సొంత దేశం ఏడాదికి 6 వేలు మూడు విడతల్లో వేస్తోంది, అదీ ఈకేవైసీ అయితే.

ఇది చాలదన్నట్టు 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం బాదింది. మనవాళ్లు ఊరుకుంటారా? పత్తి దిగుమతి మీద మనకున్న 11 శాతం సుంకాన్ని ఆ ఏడాది చివరిదాకా ఎత్తేశారు. పత్తి అక్కడి నుంచి సుంకం లేకుండా వస్తే, పత్తి చేలు అమ్మిన డబ్బు ఇక్కడి నుంచి అక్కడికి పోయింది. ద్వైపాక్షిక వాణిజ్యమంటే ఇదే కాబోలు.

అమెరికావాడికి ఒక పాడు అలవాటు ఉంది. డబ్బిస్తామంటే ఎక్కడిదని అడుగుతాడు. ఎన్నికల ముందు రాత్రి కవరు పుచ్చుకునే మన ఓటరు కూడా అడగని ప్రశ్న! పత్తిని తెల్లబంగారమంటారు గానీ, దాన్ని అమ్మగా వచ్చిన సొమ్ములో తెల్లదెంతో పైవాడికీ ఆడిటరుకూ తెలుసు. మూడు తరాలుగా ఏ లావాదేవీకీ కాగితం పుట్టకుండా కాపాడుకొచ్చిన వంశాలు ఇప్పుడు ప్రతి రూపాయికీ జన్మపత్రిక రాయించాలి. పది రూపాయల పొలాన్ని మూడు రూపాయలకు రిజిస్ట్రేషను చేయించి స్టాంపు డ్యూటీ మిగిలిందని సంబరపడ్డవాడే, ఇవాళ ‘మొత్తం వైటులో ఇస్తే ఎకరాకు కొంత తగ్గించుకుంటా’ అని కొనేవాడి కాళ్లావేళ్లా పడుతున్నాడు. ఆ మాట విన్న డాక్యుమెంట్ రైటరు కలం కింద పెట్టి, ‘ఒంట్లో బాగానే ఉందా బాబాయ్?’ అని అడిగాడట.

లాయరు పంపే చిట్టా చూస్తే పెళ్లి సామాన్ల జాబితా నయమనిపిస్తుంది. పట్టాదారు పాస్‌బుక్, అడంగల్, 1బి, ఈసీ, లింకు దస్తావేజులు, ఏడేళ్ల ఐటీ రిటర్నులు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు గదా అని ఐటీ ఆఫీసు ఎటువైపుందో కూడా తెలుసుకోని ఇంట్లో ఏడేళ్ల రిటర్నులు! ఆ తరవాత వీడియో కాల్‌లో విచారణ.

‘1984లో మీ నాన్నగారు ఈ నాలుగెకరాలు ఏ డబ్బుతో కొన్నారు సార్?’

‘పత్తి డబ్బుతో.’

‘ఆ పత్తి ఎవరికి అమ్మారు?’

‘గుంటూరు షావుకారికి.’

‘రసీదు ఉందా?’

‘షావుకారే పోయాడు నాయనా, రసీదెక్కడుంటది.’

చిట్టీ పాడిన డబ్బుకి కాగితం లేదు. నూటికి రెండు వడ్డీకి తిప్పిన డబ్బుకి ప్రామిసరీ నోట్లున్నాయి గానీ, అవి చూపిస్తే అసలుకే మోసం. కోడలు తెచ్చిందని రాద్దామంటే 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఎదురుగా నిలబడుతుంది. అందుకని అదే సొమ్ము ‘మామగారు అల్లుడి మీది వాత్సల్యంతో ఇచ్చిన కానుక’ అనే పేరుతో నోటరీ ముద్ర వేయించుకుని విమానమెక్కుతోంది. అరవై ఏళ్లుగా ఏ పోలీసు స్టేషనూ చేయలేకపోయిన పనిని అమెరికా ఇమిగ్రేషన్ వాళ్లు చేశారు. కట్నం మొదటిసారిగా బ్యాంకు ద్వారా, పాన్ నంబరుతో చేతులు మారుతోంది.

దారి ఖర్చుల సంగతి. రిజర్వు బ్యాంకు మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లే బయటికి పంపనిస్తుంది. ఎనిమిది లక్షలకు నలుగురు మనుషులు కావాలి. తండ్రి, తల్లి, తమ్ముడు అయ్యాక నాయనమ్మకు పాన్‌కార్డు తీయించారు. కోటప్పకొండ తిరునాళ్లకు తప్ప ఊరు దాటని మనిషి, వేలిముద్ర వేసి విదేశాలకు రెండున్నర లక్షల డాలర్లు పంపించింది. మనుషులు చాలని ఇళ్లల్లో మార్చి 31న కొంత, ఏప్రిల్ 1న కొంత కొడుతున్నారు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ పట్టి ఉంచుతుంది, అది రిటర్ను వేసి రాబట్టుకోవాలి. నాయనమ్మ ఇప్పుడు రోజూ ఉదయం ఆడిటరు ఫోనొచ్చిందా అని అడుగుతోంది.

ఇంత తంటాలు పడి ఇప్పించిన ఆ పది ఉద్యోగాలూ ఎవరివి? కళ్లతో చూద్దామంటే కనపడరు. రీజినల్ సెంటర్ దారిలో వెళితే పదిలో తొమ్మిది దాకా ‘పరోక్ష’ ఉద్యోగాలు కావచ్చు. ఇంత సిమెంటు కొంటే ఇందరికి పని పుట్టి ఉంటుందని ఎకనామిస్టు లెక్కగట్టి సంతకం పెడతాడు. మన ఉపాధి హామీలో మస్టరు రాసిన ఫీల్డ్ అసిస్టెంట్లను దొంగలని సస్పెండు చేశాం, పాపం. న్యూయార్కులో కోటీశ్వరుల అద్దాల మేడలు హడ్సన్ యార్డ్స్‌కు కూడా ఈ డబ్బు నిరుద్యోగ ప్రాంతం పేరుతోనే చేరింది. పటం మీద గీత లాక్కుంటూ పోయి హార్లెం పేదల వాడల్ని దానికి కలిపారు. వెర్మాంట్‌లో జే పీక్ అని మంచుకొండల రిసార్టు వాళ్లు ఈ పథకం కింద పోగేసిన డబ్బును దారి మళ్లించారని 2016లో కేసైంది. కడతామన్న బయోటెక్ కేంద్రం కట్టనే లేదు. 2013లో షికాగో విమానాశ్రయం దగ్గర హోటళ్లు కడతానని 250 మందికి పైగా చైనావాళ్ల దగ్గర డబ్బు లాగి దొరికిపోయిన కుర్రాడు భారత సంతతివాడే. ఈ రంగంలో మనవాళ్లు మదుపరులకంటే ముందే ప్రమోటర్లయ్యారన్నమాట. అగ్రిగోల్డ్‌ను చూసిన రాష్ట్రానికి ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

ఇప్పటికే డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న కుర్రాడి భయం మాత్రం అబద్ధం కాదు, దాన్ని ఎగతాళి చేయను. ఒక దేశానికి ఏడు శాతం మించకూడదన్న నియమం వల్ల ఈబీ-2 అనే ఉద్యోగ గ్రీన్‌కార్డు వరసలో మనవాడు పదేళ్లు దాటినా నిలబడే ఉంటాడు. ఊహ తెలియనప్పుడు తీసుకెళ్లిన కూతురికి 21 నిండితే ఆ పిల్ల తండ్రి వీసా నీడలోంచి జారిపోతుంది. ఈబీ-5 వేస్తే అక్కడే ఉండి వర్క్ పర్మిట్ పుచ్చుకోవచ్చని 2022 నుంచి వెసులుబాటు కూడా ఉంది. ఆ భయానికి ధరపట్టీ అంటించినవాడి మీదే నా ఒళ్లుమంట. 2026 సెప్టెంబరు 30 లోపు వేయకపోతే మీ ఖర్మ, 2027 జనవరిలో రేటు పెరుగుతుందని ఫోన్లు చేసి నిద్ర చెడగొట్టేవాడి మీద కూడా.

ఎనిమిది లక్షలు చిల్లర అనుకునేవాళ్లకు ఇంకో కౌంటరు తెరిచారు. 2025 సెప్టెంబరు 19న ట్రంప్ ఒకే రోజు రెండు కాగితాల మీద సంతకం పెట్టాడు. కొత్తగా హెచ్1బీ మీద మనిషిని రప్పించుకోవాలంటే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలని ఒకటి. 10 లక్షల డాలర్లు ఇస్తే గోల్డ్ కార్డు అని రెండోది. ఈబీ-5 డబ్బు ఎప్పటికైనా తిరిగొస్తుందన్న ఆశ ఉంటుంది, ఇది అమెరికా ప్రభుత్వానికి కానుక, తిరిగిరాదు. పరిశీలన ఫీజు 15 వేల డాలర్లు విడిగా. ఇంతా ఇస్తే కూర్చోబెట్టేది ఈబీ-1, ఈబీ-2 కోటాల్లోనే, అంటే మనవాళ్లు ఇప్పటికే కిక్కిరిసి నిలబడ్డ వరసలోనే. కట్నం మొత్తం లెక్కపెట్టి తీసుకుని, ముహూర్తం తరవాత చెబుతానన్న వియ్యంకుడి వరస.

అన్నీ కుదిరి కొడుక్కి కార్డు వచ్చిందే అనుకుందాం. ఆసామికి ముసలితనం వచ్చింది, మనవరాలిని చూడాలని ఉంది. గ్రీన్‌కార్డున్న కొడుకు తల్లిదండ్రుల్ని పిలిపించుకోలేడు, ఆ హక్కు పౌరుడికే. దానికి కార్డు చేతికొచ్చాక మామూలుగా అయిదేళ్లు. ఈలోగా ఆయన అందరిలాగే నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో విజిటర్ వీసా కిటికీ ముందు నిలబడాలి.

‘మీరు తిరిగి వెళ్లిపోతారని నమ్మకమేంటి? ఇండియాలో ఆస్తులేమున్నాయి?’

ఆసామి సంచీలో కాగితాలకేం కొదవ లేదు. అడంగల్ నుంచి ఈసీ దాకా, ఏ సెంటు ఎవరికి ఎంతకు అమ్మిందీ, ఆ రూపాయి ఏ రోజున ఏ బ్యాంకులోంచి అమెరికా చేరిందీ, నోటరీ ముద్రలతో సహా ఉన్నాయి. ఒక్క లోపం పట్టలేరు. అధికారి అన్నీ మర్యాదగా తిరగేసి, 214(బి) సెక్షను కింద వీసా ఇవ్వలేమని అచ్చేసిన చీటీ ఒకటి వాటి పైన పెట్టి వెనక్కి తోస్తాడు.