మణికట్టు మీది పేరు

నేను ఆసుపత్రి చేతిపట్టీని. చేర్చుకోగానే రోగి మణికట్టుకు చుట్టి బిగిస్తారు; కత్తెర పెడితే తప్ప ఊడను. నా మీద పేరు, వయసు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు ఉంటాయి. పేరు పైకి కనిపిస్తే గోప్యత పోతుందనీ, దాస్తే ఒకరి మందు మరొకరికి పడుతుందనీ, ఏదో ఒకటి వదులుకోక తప్పదనీ చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. మనిషెవరో చెప్పడం వేరు, ఆ మనిషికి ఏమైందో చెప్పడం వేరు. మొదటిదే నా పని. రెండోది కేస్‌షీటులో ఉండాలి.

పేరొక్కటే చాలదని తెలుగు వార్డులోకి అడుగుపెడితే తెలుస్తుంది. ఒకే గదిలో ఇద్దరు లక్ష్మమ్మలుండటం వింత కాదు. ఇంటిపేరు పొడి అక్షరంగా మిగులుతుంది, ఆడవాళ్లకు పెళ్లితో అదీ మారుతుంది. పుట్టిన తేదీ తెలియని పెద్దవాళ్లెందరికో ఆధార్‌లో జనవరి 1 అని పడింది, అంచేత తేదీ కూడా ఒక్కోసారి ఆదుకోదు. కనీసం రెండు ఆనవాళ్లు సరిచూడాలనీ, గది నంబరును వాటిలో లెక్కించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. అయినా "ఆరో బెడ్‌కి ఇంజక్షన్" అనే మాట ఆగలేదు. పొద్దున ఆరో బెడ్‌లో ఉన్నవారు సాయంత్రానికి కిటికీ పక్కకు మారిపోవచ్చు. రక్తం ఎక్కించేటప్పుడు ఈ పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది. ల్యాబులో గ్రూపు సరిగ్గానే తేలినా, శాంపిల్ ట్యూబు మీద పక్కవారి పేరుంటే అంతే సంగతి. లేబులు మంచం దగ్గరే, నన్ను చూసి అతికించాలనేది అందుకే.

అడిగే తీరు కూడా ముఖ్యమే. "మీరు లక్ష్మమ్మగారే కదా?" అంటే మత్తులో ఉన్నవారు, చెవులు సరిగా వినపడనివారు, తెల్లకోటు చూస్తే బెదిరేవారు అందరూ తలూపుతారు. "మీ పేరు చెప్పండమ్మా" అనాలి, ఆ జవాబును నాతో పోల్చాలి. మాటిమాటికీ అడిగితే విసుక్కుంటారన్నది నిజమే. ఎందుకు అడుగుతారో మొదటిరోజే చెబితే ఆ విసుగు చాలావరకు తగ్గుతుంది. బార్‌కోడ్ ఉంది కదా అంటారు. స్కానరు చదివేది నన్ను, మనిషిని కాదు. నన్ను వేరేవారి చేతికి కడితే అది ఆ తప్పునే ఖాయం చేస్తుంది.

నాకు రంగులు పూసి మరిన్ని సంగతులు చెప్పించడమూ ప్రమాదమే. 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక నర్సు రోగికి పసుపు పట్టీ కట్టింది. ఆమె పనిచేసే మరో ఆసుపత్రిలో దాని అర్థం ఆ చేతి నుంచి రక్తం తీయవద్దని. రోగి ఉన్న ఆసుపత్రిలోనేమో గుండె ఆగితే బతికించే ప్రయత్నం వద్దని. ఆ రోగి గుండె ఆగినప్పుడు మరొకరు పొరపాటు కనిపెట్టబట్టి సరిపోయింది.

జబ్బు పేరు మంచం దగ్గర రాసిపెడితే సిబ్బంది జాగ్రత్తపడతారనే వాదన ఒకటుంది. గ్లవ్స్ వేసుకోవడం, సూదుల దగ్గర జాగ్రత్త ప్రతి రోగి విషయంలోనూ పాటించాల్సినవే. బోర్డు లేని మంచం దగ్గర ఏమరుపాటు నేర్పేది ఆ రాతే. కొన్ని మినహాయింపులు తప్ప, సమ్మతి లేకుండా హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టకూడదని మన దేశంలోని 2017 హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది. ఇక డిశ్చార్జి రోజున నన్ను కోసి చెత్తబుట్టలో పడేస్తారు. అప్పటికీ నా మీది పేరు, నంబరు చదవడానికి వీలుగానే ఉంటాయి. ఆ కత్తెరను పేరు మీదుగా ఇంకోసారి ఆడించాలి.