కుట్టేవాడి నామావళి

బట్టలు కుట్టి పొట్టపోసుకునే మనిషికి లోకంలోని భాషలు పెట్టిన పేర్లన్నీ ఒకచోట పోగుచేసి చూస్తే, ఒక్కో భాషా అతని పెట్టెలో చెయ్యి పెట్టి తలా ఒక వస్తువు పట్టుకుపోయినట్టు తెలుస్తుంది. సంస్కృతానికి సూది దక్కింది. సూచి అంటే సూది గనక దాన్ని నమ్ముకున్నవాడు సౌచికుడయ్యాడు. అరబ్బీ దారపు ఉండ తీసుకుని, దారమనే అర్థమున్న మాట నుంచే ఖయ్యాత్ అన్నది. పారశీకం దర్జ్‌ను, అంటే రెండు గుడ్డముక్కలు కలిసే కుట్టుగీతను, చూసి దర్జీ అని పిలిచింది. ఇంగ్లీషుకు మిగిలింది కత్తెర. టైలర్ అనే మాట ఫ్రెంచి మీదుగా, కోయడమనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి వచ్చింది. అంటే ఇంగ్లీషువాడి దృష్టిలో అతను గుడ్డను కోసేవాడే తప్ప, కోసిన ముక్కల్ని తిరిగి కలుపుతాడన్న పూచీ ఆ పేరులో ఎక్కడా లేదు. ఈ విషయంలో అమరకోశం కాస్త దయగలది. అది సౌచికుడి పక్కనే తున్నవాయుడు అనే పర్యాయపదాన్ని కూర్చోబెట్టింది, చినిగినదాన్ని నేసినట్టుగా అతికేవాడు అని దాని తాత్పర్యం.

ఈ పేర్లన్నిటికీ చెన్నపట్నం రేవుపట్టణం కావడం వల్ల ఒకే దండెం మీద ఆరే యోగం పట్టింది. మైలాపూరు పక్కన శాంథోమ్‌లో పదహారో శతాబ్దంలోనే స్థిరపడిన పోర్చుగీసువాళ్లు దర్జీని అల్ఫయాతె అనేవారు. అది అరబ్బీ ఖయ్యాత్‌కు ఐరోపాలో కుట్టించిన కొత్త చొక్కా. 1639లో కోటకు స్థలం సంపాదించిన ఇంగ్లీషువాళ్లు తమ టైలర్‌ను వెంటబెట్టుకొచ్చి కూడా, ఇక్కడి పనివాణ్ని మాత్రం డర్జీ అనే పిలిచారు. చేపాక్కంలో ఆర్కాటు నవాబు కొలువు తీరాక పారశీకానికి ఊళ్లో సొంత ఇల్లే ఏర్పడింది. బ్రౌన్ నిఘంటువు 1852లోనూ, బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885లోనూ వెలువడింది ఈ ఊళ్లోనే గనక, తెలుగు మాటలకు కొలతలు తీసే పనిలోనూ చెన్నపట్నానికి ముందునుంచీ చెయ్యి తిరిగింది.

తెలుగు పనిముట్ల జోలికి పోకుండా పనినే పట్టుకుని కుట్టుపనివాడు అన్నది గానీ, చిక్కంతా ఆ కుట్టడంలోనే ఉంది. తెలుగువాళ్లు చొక్కా కుడతారు, చెప్పు కుడతారు, విస్తరి కుడతారు, తెగిన గాయం కుడతారు, పిల్లలకు చెవులు కుట్టిస్తారు. చీమ, దోమ, తేలు వాటంతట అవే కుడతాయి. పొరుగువాడు మేడ కడితే కన్ను కుడుతుంది. కాబట్టి కుట్టేవాడు అంటే ఎవరని పంక్తి తీరిస్తే దర్జీ, చెప్పులు కుట్టేవాడు, శస్త్రవైద్యుడు వరసగా కూర్చుంటారు. తేలు కూడా కూర్చోవలసిందే గానీ, చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణం ప్రకారం పశుపక్ష్యాదులు అమహత్తులు, అంటే 'వాడు' అనే గౌరవానికి నోచుకోని వర్గం, కావడం వల్ల వ్యాకరణమే దాన్ని గడప బయట నిలబెట్టింది.

కుట్టుమిషన్ ముందు కూర్చున్న ఆడమనిషికి కూడా ఆ 'వాడు'లో చోటు లేదు. తెలుగు చేయని ఈ మర్యాదను తమిళం పొరపాటున చేసినట్టుంది. తమిళంలో తైయల్ అంటే కుట్టుపని. అందమైన స్త్రీ అని కూడా అర్థం, వైద్యీశ్వరన్ కోయిల్‌లో వెలసిన అమ్మవారి పేరు తైయల్ నాయకి. మన కావ్యాల్లోని తొయ్యలికి దగ్గరగా వినిపించే ఈ మాటను పుస్తకాల్లో మాత్రమే చదువుకున్న తెలుగు పండితుడు, చెన్నై వీధిలో 'తైయల్ కడై' అనే బోర్డు చూసి ఏవేవో ఊహలతో లోపలికి వెళితే, మెడలో టేపు వేలాడేసుకుని, చెవి వెనక సుద్దముక్క పెట్టుకున్న ఒక మీసాలాయన ఎదురవుతాడు.

కొట్టు లోపలి పరిభాష మరో శాస్త్రం. గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాడికి కాజా అంటే తాపేశ్వరం, నోట్లో పాకం. ఇక్కడ కాజా అంటే బొత్తాం పట్టే కంత, ఇల్లు అనే అర్థమున్న పోర్చుగీసు కాసా నుంచి వచ్చిందని చెప్పే మాట. బొత్తాం కూడా పోర్చుగీసుదే గనక, ఇల్లూ ఇంట్లోవాడూ ఒకే ఓడలో దిగారన్నమాట. కొలతకిచ్చే పాత జాకెట్టును తమిళులు 'అళవు జాకెట్' అంటే, తెలుగు ఇల్లాళ్లు 'ఆది జాకెట్టు' అంటారు; కొత్త జాకెట్టు బిగుతైనా, వదులైనా తప్పు ఎప్పుడూ ఆ ఆదిదేనని కొట్టులో తీర్పు వస్తుంది.

తెలుగు సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో ఈ వృత్తికి కాస్ట్యూమ్స్ అనే మరో పర్యాయపదం పుట్టి తెరమీదికెక్కింది. విజయనగరం ప్రాంతం నుంచి వచ్చి అగ్రతారలకు దుస్తులు సమకూర్చి, 1991లో భారత్ బంద్‌తో నటుడై, 2023 ఏప్రిల్‌లో చెన్నైలోనే కన్నుమూసిన కృష్ణను జనం కాస్ట్యూమ్స్ కృష్ణ అనే పిలిచారు. ఇంటిపేరునే పక్కకు జరిపి కూర్చున్న పర్యాయపదం నిఘంటువుల్లో అరుదు.

ఇన్ని పేర్లలో సూది ఉంది, దారం ఉంది, కత్తెర ఉంది, అతుకు ఉంది, లేనిదల్లా తేదీ. దీపావళి ముందు వారం పాండీబజారు సందుల్లో ఏ కొట్టు ముందు నిలబడినా, రసీదుకు పిన్నుతో గుచ్చిన గుడ్డముక్క చూసి, "హుక్కులే మిగిలాయమ్మా, రేపు సాయంత్రం వచ్చేయండి" అనే జవాబు వినిపిస్తుంది. అప్పటికి గుడ్డ ఇంకా మడత విప్పకుండా అరలో ఉంటుంది. ఈ విద్యకు ఏ భాషా పేరు పెట్టలేదనుకోవడం తొందరపాటే. అరబ్బీలో మాట ఇవ్వడమనే అర్థమున్న వఅద అనే పదం, హిందుస్తానీ దాటి తెలుగులోకి వచ్చేసరికి వాయిదాగా మారి, ఇచ్చిన మాటను ముందుకు జరపడమనే అర్థంలో స్థిరపడింది. ఈ అర్థపరిణామానికి కోర్టులను బాధ్యుల్ని చేయాలనిపిస్తుంది గానీ, కోర్టు కనీసం తర్వాతి తేదీని కాగితం మీద రాసి ఇస్తుంది.