స్టాక్ రూమ్ సర్వాధికారి

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఎవరూ అడగని పుస్తకాలు ఉండే చోటు స్టాక్ రూమ్. అది భవనం అడుగునో, పై అంతస్తు కొసనో, మొత్తానికి లిఫ్టు పోని చోట ఉంటుంది. దాన్ని చూసుకునే ఉద్యోగి కాగితాల ప్రకారం ఒక అటెండరు. ఆయన పైన అసిస్టెంట్ లైబ్రేరియన్, ఆ పైన డిప్యూటీ, ఆ పైన లైబ్రేరియన్, అందరి పైనా వైస్ ఛాన్సలర్ ఉంటారు. తాళంచెవి విషయంలో మాత్రం ఆయన పైన ఎవరూ లేరు.

వయసు యాభై దాటి ఉంటుంది. దినకూలీగా చేరి, నామినల్ మస్టర్ రోల్ (ఎన్.ఎం.ఆర్.) కెక్కి, టైమ్ స్కేల్లో పడి, కోర్టు కేసు నడిపి పర్మినెంటయిన మనిషి కనుక తొందర అన్నది ఆయన దగ్గర మిగలదు. విద్యార్థులు ‘అన్నా’ అంటారు. కొత్తగా చేరిన లెక్చరర్లు పేరుకు ‘గారు’ తగిలిస్తారు. ప్రాజెక్టు రిపోర్టు గడువు దగ్గరపడ్డ ప్రొఫెసర్లు ‘సార్’ అంటారు. ఎవరు ఎలా పిలిచినా ఆయన పలికేది మూడో పిలుపుకే.

ఆ గదిలోకి వచ్చే సరుకు రకరకాలు. పాత పత్రికల బౌండు వాల్యూములు, కొత్త ముద్రణ రావడంతో పక్కకు జరిగిన పాఠ్యపుస్తకాలు, జనాభా లెక్కల నివేదికలు, గెజిటీర్లు, మాస్కోలోని మీర్ ప్రచురణాలయం చవకగా పంపిన గణిత, భౌతికశాస్త్ర గ్రంథాలు. ఆ తర్వాత సిద్ధాంత గ్రంథాలు. 2009లో యూజీసీ నిబంధనలు వచ్చి థీసిస్‌లు కంప్యూటరెక్కి శోధగంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో చేరడం మొదలయ్యేదాకా, నల్ల రెక్సిన్ అట్ట మీద బంగారు అక్షరాలతో ప్రతి ఒక్కటీ ఈ గదికే నడిచొచ్చింది. రాసినవారు, గైడు, పరీక్షకులు కాక దాన్ని చేత్తో ముట్టిన మరో వ్యక్తి చాలాసార్లు ఈ అటెండరే. అన్నిటికన్నా బరువైనవి విరాళాలు. రిటైరైన ప్రొఫెసర్ల ఇళ్లలో వంటగది పెంచుకోవాలన్న ఆలోచన పుట్టినప్పుడల్లా గ్రంథాలయానికి ఓ ఆటో వస్తుంది. దాత పేరుతో విడిగా బీరువా ఉండాలని షరతు. బీరువా మాత్రం ఆటోలో రాదు.

వాడకం లేని పుస్తకాలు ఎన్ని ఉంటాయన్నది ఎప్పుడో లెక్కగట్టిన విషయమే. గ్రంథాలయం నుంచి బయటికి వెళ్లే పుస్తకాల్లో 80 శాతం, ఉన్న పుస్తకాల్లోని 20 శాతం నుంచే వెళ్తాయని 1969లో ట్రూస్వెల్ అనే అమెరికన్ చూపించాడు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో కొన్న కొత్త పుస్తకాల్లో దాదాపు 40 శాతం మొదటి ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఎవరి చేతికీ వెళ్లలేదని 1979లో వెలువడిన అధ్యయనం తేల్చింది. అటెండరు ఈ రెండూ చదవలేదు. దుమ్ము మందం చూసి చెబుతాడు. ఆయన అంచనా ఇంతకంటే నిరాశగా ఉంటుంది.

రీడింగ్ హాల్లో పుస్తకాలు డ్యూయీ పద్ధతిలో విషయాలవారీగా ఉంటాయి. తెలుగు సాహిత్యమైతే 894.827. స్టాక్ రూమ్ గడప దాటాక ఆ అంకె చెల్లదు. అక్కడ పెద్దవి పెద్దవాటితో, చిన్నవి చిన్నవాటితో, పెళ్లి సామాను సర్దినట్టు సర్ది ఉంటాయి. పశువైద్యం పక్కన ప్రబంధం, దాని పక్కన రైల్వే టైం టేబుల్. చూసినవారు అరాచకం అనుకుంటారు కానీ, చోటు పొదుపులో దీన్ని మించిన పద్ధతి లేదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1986లో ఊరికి దూరంగా కట్టిన గిడ్డంగిలోనూ పుస్తకాలను సైజును బట్టి ట్రేలలో పేర్చి, ఏది ఎక్కడుందో బార్‌కోడుతో గుర్తుంచుకున్నారు. మన అటెండరు అదే సిద్ధాంతానికి సలహాదారు ఫీజు లేకుండా చేరుకున్నాడు. తేడా ఒక్కటే. హార్వర్డ్‌లో పుస్తకం చిరునామా కంప్యూటర్లో ఉంటుంది, ఇక్కడ ఆయన తలలో ఉంటుంది. ఆ చిరునామా కూడా అంకెల్లో ఉండదు: “కిటికీవైపు మూడో ర్యాకు, కింద నుంచి రెండో అర, చెదపట్టిన జియాలజీ వెనకాల, ఎర్రట్ట.”

పుస్తకం కావలసినవారు చీటీ రాయాలి. కాల్ నంబరు, అక్సెషన్ నంబరు, రచయిత, పేరు, సంతకం. అటెండరు చీటీ చదవడు, తెచ్చినవారి ముఖం చదువుతాడు. గడువు పొడిగింపు మీద బతుకుతున్న పరిశోధక విద్యార్థిని అడుగు చప్పుడుతోనే పోల్చుకుంటాడు. తాతగారి వ్యాసం కోసం అమెరికా నుంచి వచ్చిన మనవడికి కుర్చీ వేయిస్తాడు, ఎందుకంటే ఆయన మళ్లీ రాడు. పాత గెజిట్ కోసం వచ్చిన వకీలంటే ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు. ప్రొఫెసర్ తరఫున వచ్చిన స్కాలరుతో మాత్రం సంభాషణ ఎప్పుడూ ఒకలాగే సాగుతుంది.

“అన్నా, ఒక్క వాల్యూమే.”

“అందరూ ఒక్కటే అంటారు బాబూ. దాని మీద పద్నాలుగుంటాయి. అవి దించేదెవరు?”

“నేను దించుతానన్నా.”

“నువ్వు దించుతావు. మళ్లీ ఎక్కించేదెవరు?”

ఇక్కడ స్కాలరు టీ ప్రస్తావన తేవాలి. తేనివాడికి ‘బైండింగుకు వెళ్లింది’ అన్న జవాబు వస్తుంది. దాని అర్థం పుస్తకం ఉంది, నిచ్చెన లేదు అని. ‘వెరిఫికేషన్‌లో ఉంది’ అంటే పుస్తకం, నిచ్చెన రెండూ ఉన్నాయి, కరెంటు లేదు. ‘రేపు రండి’ అన్నదానికి ఏ అర్థమూ లేదు, అది పలకరింపు. షికాగో విశ్వవిద్యాలయంలో 2011లో తెరిచిన మాన్సుయెటో గ్రంథాలయంలో 35 లక్షల సంపుటాలు పట్టే భూగర్భ గిడ్డంగి నుంచి రోబో క్రేన్లు ఐదు నిమిషాల్లో పుస్తకం పైకి తెస్తాయి. ఆ క్రేన్లు టీ తాగవు. కానీ “ఇది కాదు బాబూ, మీ సారు అడిగే విషయం దీని ముందు సంపుటంలో ఉంది” అని కూడా చెప్పవు. ఈ అటెండరు చెబుతాడు. పది బ్యాచ్‌ల స్కాలర్లకు అదే వాల్యూము దించినవాడికి ఆ మాత్రం పాండిత్యం అబ్బుతుంది.

స్టాక్ వెరిఫికేషన్ ఆయన జీవితంలో గంభీరమైన ఘట్టం. 2017 నాటి కేంద్ర సాధారణ ఆర్థిక నిబంధనల ప్రకారం, చదవడానికి ఇచ్చిన ప్రతి 1,000 సంపుటాలకు ఏడాదికి ఐదు పోవడం సహజమే, మోసమో అజాగ్రత్తో లేకపోతే చాలు. ఈ వెసులుబాటు ఇచ్చిన పుస్తకాల లెక్క మీద వస్తుంది. స్టాక్ రూమ్ నుంచి పెద్దగా ఏదీ బయటికి వెళ్లదు కనుక అక్కడ పోవడానికి అనుమతి దాదాపు సున్నా. ఇస్తే కదా పోయేది అని అటెండరు తలుపు మరింత బిగిస్తాడు. నిజానికి ఎంత ఎక్కువ ఇస్తే అంత పోగొట్టుకునే హక్కు ఉంటుందన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పకపోవడమే మంచిది. 1,000 రూపాయలు దాటిన పుస్తకమో, అరుదైనదో పోతే విచారణ తప్పదని అదే నిబంధన అంటుంది. 1957కు ముందు కొన్న పుస్తకాల ధర రిజిస్టరులో రూపాయి అణాల్లో ఉంటుంది. అలా ఆ గదిలో ఖరీదైనవి దాదాపు ఉండవు, అరుదైనవే అన్నీ.

సంరక్షణలో ఆయన ఆయుధాలు కలరా ఉండలు, వేపాకు, పురికొస. చెక్కగుజ్జు కాగితంలో పటిక కలిపే పద్ధతి వచ్చాక, పంతొమ్మిదో శతాబ్దం నడిమి నుంచి అచ్చయిన పుస్తకాలు చాలావరకు తమలోని ఆమ్లంతోనే పెళుసెక్కిపోతున్నాయి. దానికి మందు చల్లదనం, పొడిదనం. హార్వర్డ్ గిడ్డంగిలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల దగ్గర ఉంచుతారు. మన స్టాక్ రూమ్‌లోని ఒకే ఒక్క ఫ్యాను అటెండరు కుర్చీ మీద తిరుగుతుంది. పురికొస మాత్రం నిజంగా హాని చేస్తుంది. బిగించి కడితే అట్ట అంచులు కోసుకుపోతాయి, వెడల్పు నాడా వాడాలి. ఈ మాట ఆయనకు చెప్పిన లైబ్రేరియన్లు బదిలీ అయ్యారు, పురికొస అక్కడే ఉంది.

పనికిరానివి తీసేయాలని అప్పుడప్పుడూ కమిటీ వేస్తారు. గ్రంథాలయం పెరిగే జీవి అని రంగనాథన్ 1931లో చెప్పిన అయిదో సూత్రాన్ని లైబ్రేరియన్ గుర్తుచేస్తారు, పెరగాలంటే చోటు కావాలి కదా అంటారు. ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడుంటాడన్న మూడో సూత్రం, దాని పేరు తెలియని అటెండరు వైపు ఉంటుంది. కమిటీ వచ్చే ముందు రోజు కొన్ని పుస్తకాల వెనక తేదీ చీటీల మీద తాజా ముద్రలు పడతాయి. ఇది మన దగ్గరే జరిగే వింత కాదు. ఫ్లోరిడాలో ఒక గ్రంథాలయంలో లేని పాఠకుడి పేరున కార్డు పుట్టించి, పుస్తకాలు తీసేయకుండా వేల సంఖ్యలో ఇష్యూలు రాసిన సంగతి 2016లో బయటపడింది. వాళ్లు కంప్యూటర్లో చేసి దొరికిపోయారు. రబ్బరు ముద్రకు ఆ భయం లేదు.

ఆటోమేషన్ వచ్చినప్పుడు కాంట్రాక్టు కుర్రాళ్లు బార్‌కోడులు అంటించి, ‘దొరకలేదు’ అన్న జాబితా ఇచ్చి పోతారు. ఆ జాబితాలోని పుస్తకాలు సాయంత్రానికి అటెండరు బల్ల మీద ఉంటాయి. అవి ఎక్కడివో ఎవరూ అడిగి రాసుకోరు. గ్రంథాలయాలు చేసే అసలు తప్పు ఇదే, ఆయన టీ కాదు. ఆయన రిటైరయ్యాక పుస్తకాలు అక్కడే ఉంటాయి, కేటలాగులో ఉంటాయి, చేతికి మాత్రం రావు. కొత్త అటెండరు పాత అటెండరుకు ఫోను చేయడమే అప్పటి శోధన పద్ధతి.

అందువల్ల స్టాక్ రూమ్‌తో పనిపడినవారు చీటీ మీద అక్సెషన్ నంబరు తప్పక రాయాలి, పదకొండు గంటల లోపు ఇవ్వాలి, శనివారం వెళ్లకూడదు. థీసిస్‌కు అంశం రిజిస్టర్ చేయించే ముందు ఆయన రిటైర్మెంటు తేదీ కనుక్కోవాలి.